మూతపడిన బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ స్థలం: మట్టి, భూగర్భజల పరీక్షలు ఎక్కడ, ఎంత లోతు, ఎన్ని?

ప్రశ్న: ప్లాటు_సివిల్

అందరికీ నమస్కారం. పటాన్‌చెరు–బొల్లారం వైపు ఒక పారిశ్రామికవాడలో 4 ఎకరాల ప్లాటు ఉంది, అంటే దాదాపు 16,200 చదరపు మీటర్లు. తొంభైల్లో కట్టిన బల్క్ డ్రగ్ (మందుల ముడి రసాయనం) యూనిట్, ఇప్పుడు మూత. రియాక్టర్లు, సెంట్రిఫ్యూజులు పీకి అమ్మేశారు. మిగిలినవి ఇవి: ప్రొడక్షన్ బ్లాకు ఫ్లోరు, సాల్వెంట్ (ద్రావకం) ట్యాంకుల యార్డు, ఈటీపీ (వ్యర్థజల శుద్ధి) తొట్లు, వెనక మట్టి కట్టలతో ఒక సోలార్ ఇవాపరేషన్ పాండు (వ్యర్థజలాన్ని ఎండకు ఆవిరి చేసే గుంట), బాయిలర్ పక్కన బూడిద కుప్ప, 180 మీటర్ల బోరు ఒకటి. యార్డులో రెండు ట్యాంకులు భూమిలో పాతి ఉండేవని పాత వాచ్‌మన్ చెబుతున్నాడు. తీశారో లేదో కాగితం లేదు. ముందు సగం ఎర్ర నేల, పాండు వైపు నల్లరేగడి.

కొనేవాళ్లు గోదాము కడతారు. ముందు వైపు సిబ్బంది క్వార్టర్లు కూడా ప్లానులో ఉన్నాయి. అమ్మేవాళ్లు ఒక రిపోర్టు చేతిలో పెట్టారు: ప్లాటు నాలుగు మూలల్లో పై 15 సెంటీమీటర్ల మట్టి నాలుగు శాంపిళ్లు, బోరు నీళ్లు ఒక శాంపిల్. లోహాలు, ఆర్గానిక్స్ (కర్బన రసాయనాలు) అన్నీ "బీడీఎల్", అంటే పరికరం గుర్తించగల మోతాదుకంటే తక్కువ. బోరు నీటి టీడీఎస్ (కరిగిన మొత్తం లవణాలు) మాత్రం లీటరుకు 1,450 మి.గ్రా.

ఈ రిపోర్టును ఎంతవరకు నమ్మొచ్చు? కొత్తగా చేయిస్తే ఎన్ని పాయింట్లు, ఎంత లోతు? మామూలు బోరు బండితో మానిటరింగ్ బావులు వేయించొచ్చా? ల్యాబ్‌ని ఏమేం అడగాలి?

జవాబు 1: నీటిజాడ

ఆ రిపోర్టు పక్కన పెట్టండి. అంకెలు అబద్ధమని అనడం లేదు. ఫ్యాక్టరీలో మూలల్లో ఎవరూ ఏ పనీ చేయరు. అక్కడి పైమట్టి బాగుందంటే కాంపౌండ్ గోడ పక్కన మట్టి బాగుందని మాత్రమే అర్థం.

మొదటి వారం మట్టి ముట్టుకోవద్దు, కాగితాలు పట్టుకోండి. ఏ ఉత్పత్తులు, ఏ ముడిసరుకు, నెలకు ఎంత సాల్వెంట్, వ్యర్థాలు ఎటు పోయాయి అన్నదే శాంపిళ్ల ప్లాను. కన్సెంట్ ఆర్డర్లు (కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు), ప్లాంట్ లేఅవుట్, డ్రెయినేజీ డ్రాయింగ్, అగ్నిమాపక శాఖకు, పెట్రోలియం పేలుడు పదార్థాల శాఖకు ఇచ్చిన ట్యాంకుల ప్లాను అడగండి. పాతిన ట్యాంకుల సంగతి ఎక్కువగా ఈ చివరి కాగితంలోనే దొరుకుతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు ఒక్కొక్కటిగా తిప్పండి. డ్రమ్ములు పేర్చిన జాగా, పాండు కట్ట మారిన తీరు, మొక్క మొలవని తెల్ల మచ్చలు అందులో కనిపిస్తాయి. పాత ఆపరేటర్ ఒకరు దొరికితే ఇంకా మేలు. "ఈటీపీ నిండితే నీళ్లు ఎటు వదిలేవారు?" అని అడగండి.

తర్వాత పాయింట్లు రెండు రకాలుగా పెట్టుకోండి. మొదటి రకం, అనుమానం ఉన్న చోట్లు: ట్యాంకుల యార్డులో నాలుగైదు (పాతిన ట్యాంకుల గుంత చుట్టూ, లోడింగ్ పైపు దగ్గర ఒకటి తప్పనిసరి), ప్రొడక్షన్ బ్లాకు ఫ్లోరు పగుళ్లు, డ్రెయిన్ జాయింట్ల దగ్గర ఫ్లోరు కోసి మూడు, ఈటీపీ కలెక్షన్ సంపు పక్కన రెండు, పాండులో మూడు, కట్ట బయట దిగువన ఒకటి, బూడిద కింద ఒకటి, వాన నీటి కాలువ గోడ దాటే చోట ఒకటి. ఇవి 15–16. ఎఫ్లుయెంట్ (వ్యర్థజలం) పైపు వేసిన ట్రెంచిని మరిచిపోవద్దు. పైపు కింద పరిచిన ఇసుక, కంకరే లీకైన నీటికి దారి, పైపు ఒక చోట కారితే మరక ముప్పై మీటర్ల అవతల తేలొచ్చు.

రెండో రకం గ్రిడ్డు. చదరపు గ్రిడ్డులో రెండు పాయింట్ల మధ్య దూరాన్ని 1.18తో గుణిస్తే, 95% నమ్మకంతో పట్టుబడే గుండ్రటి మరక వ్యాసం వస్తుంది. 20 మీటర్ల గ్రిడ్డు అంటే సుమారు 24 మీటర్ల మరక, మీ ప్లాటుకు దాదాపు 40 పాయింట్లు. నాలుగు పాయింట్లతో 64 మీటర్ల గ్రిడ్డు అవుతుంది, అంటే 75 మీటర్ల వెడల్పున్న మరకైతేనే నమ్మకంగా దొరుకుతుంది! క్వార్టర్లు వచ్చే చోట గ్రిడ్డు 10 మీటర్లకు దించండి, ఇళ్ల మధ్య పిల్లలు మట్టిలో ఆడతారు.

లోతు: 0–0.15, 0.5, 1, 1.5, 2 మీటర్లు, ఆపైన మీటరుకొకటి. ఇవి కాక రంగు, వాసన, మట్టి రకం మారిన ప్రతి చోటా ఒకటి. మొరం (శిథిల రాతి పొర) దాటి రాయి తగిలేదాకా లేదా వరసగా రెండు లోతుల్లో ఏమీ కనిపించనిదాకా దిగాలి. నల్లరేగడిని చూసి "బంకమట్టి, నీరు దిగదు" అనుకుంటారు. ఎండాకాలం నెర్రెలు అర మీటరు నుంచి మీటరు లోతు దాకా చీలుతాయి. మొదటి వానకు పాండు నీళ్లు ఆ నెర్రెల్లోంచి నేరుగా మొరంలోకి జారతాయి. అందుకే 0.5 దగ్గర శుభ్రంగా, 1.5 దగ్గర మురికిగా ఉన్న బోరింగులు అక్కడ మామూలే.

ప్లాటు బయట, నీటి పారుదలకు ఎగువన, అదే రకం నేలలో కనీసం మూడు బ్యాక్‌గ్రౌండ్ శాంపిళ్లు తీసుకోండి. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్‌లో ఫ్లోరైడ్ సహజంగానే ఎక్కువ, దాన్ని ఫ్యాక్టరీ నెత్తిన రుద్దితే మీ రిపోర్టును మొదటి మీటింగులోనే కొట్టేస్తారు. జహీరాబాద్, వికారాబాద్ వైపు బసాల్ట్ నుంచి వచ్చిన నల్లమట్టిలో క్రోమియం, నికెల్ సహజంగా ఎక్కువ. కట్టల కోసం ఆ మట్టి తోలి ఉంటే అంకెలు పెరుగుతాయి.

ఇక నీళ్లు. అసలు ప్రమాదం ఇక్కడుంది, మీ రిపోర్టు పూర్తిగా మోసపోయిందీ ఇక్కడే. ఈ నేలలో పైన 10–20 మీటర్ల మొరం, దాని కింద 30–40 మీటర్ల దాకా పగుళ్ల రాయి, ఇంకా కిందికి పోతే అక్కడొకటి ఇక్కడొకటి ఊటలు. మురికి మొదట చేరేది మొరంలోకి, దాని అడుగు పగుళ్లలోకి. మీ 180 మీటర్ల బోరుకు కేసింగ్ పైన 10–15 మీటర్లే ఉంటుంది, కింద అంతా వట్టి రంధ్రం. మోటారు వేస్తే అన్ని ఊటల నీళ్లూ కలిసి వస్తాయి. మురికి ఊట వాటా 5% అయి, అందులో ఒక సాల్వెంట్ లీటరుకు 0.2 మి.గ్రా. ఉంటే కుళాయి దగ్గర కనిపించేది 0.01. ఆ నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకులో పడి, అక్కడి నుంచి సీసాలో పోసి ఉంటే ఆ కాస్త కూడా గాలిలో కలిసిపోతుంది.

ఇంకో సంగతి, ఆ బోరే ఒక దొంగదారి. మోటారు ఆపినప్పుడు పైన మొరంలో ఉన్న నీరు ఆ రంధ్రంలోంచే లోతు పగుళ్లలోకి దిగుతుంది. డైక్లోరోమీథేన్, క్లోరోఫామ్ లాంటివి నీటికంటే బరువు (సాంద్రత 1.33, 1.49), చిక్కగా ఉంటే నీటి అడుగుకు దిగి పగుళ్ల వాలు వెంట పోతాయి, నీటి పారుదల దిక్కుతో వాటికి పని లేదు. టోలుయీన్, హెక్సేన్ తేలికైనవి, నీటి మట్టం మీద తేలుతాయి. మానిటరింగ్ బావికి జల్లెడ పైపు ఏ లోతులో పెట్టాలో దీన్నిబట్టే తేల్చాలి. టోలుయీన్ కోసం జల్లెడ నీటి మట్టానికి అటూ ఇటూ ఉండాలి, డైక్లోరోమీథేన్ కోసం మొరం అడుగున, రాయి మొదలయ్యే చోట ఉండాలి. ఒక సాల్వెంట్ నీటిలో కరిగే గరిష్ఠ మోతాదులో 1% దాటి కనిపిస్తే, కరగని ముద్ద దగ్గర్లోనే ఉందని అనుమానించాలి. డైక్లోరోమీథేన్‌కు ఆ 1% లీటరుకు సుమారు 130 మి.గ్రా., ట్రైక్లోరోఎథిలీన్‌కు 11–12.

బావులు కనీసం మూడు చోట్ల, త్రిభుజం ఆకారంలో. ఒకటి ఎగువన, రెండు దిగువన. దిగువ రెండింటి దగ్గర జంట బావులు: ఒకటి మొరంలో, రెండోది పగుళ్ల రాయిలో. మొత్తం ఐదు.

జవాబు 2: ల్యాబ్‌బెంచి

"బీడీఎల్" అనే మూడక్షరాలకు పక్కన అంకె లేకపోతే విలువ సున్నా. ఎంతకంటే తక్కువ? తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సీసం హద్దు లీటరుకు 0.01 మి.గ్రా., కాడ్మియం 0.003, మొత్తం క్రోమియం 0.05, పాదరసం 0.001. లోహాలు కొలిచే మామూలు పరికరం ఫ్లేమ్ ఏఏఎస్ మీద సీసం 0.05 కంటే తక్కువ అని రాసి "బీడీఎల్" అంటే, హద్దుకు నాలుగు రెట్లున్నా దొరకదు. ఆర్డరు ఇచ్చేముందే ప్రతి పరామితికీ క్వాంటిఫికేషన్ లిమిట్ (నమ్మకంగా కొలవగల కనీస మోతాదు) రాయించుకోండి. అది హద్దులో సగం కంటే తక్కువ ఉండాలి. లోహాలకు ఐసీపీ–ఎంఎస్ (అతి తక్కువ మోతాదులూ కొలిచే పరికరం) అడగండి. ల్యాబ్‌కు ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉంటే సరిపోదు, మీరు అడిగిన పరామితి, పద్ధతి ఆ స్కోపులో ఉన్నాయో లేదో చూసుకోండి.

"ఆర్గానిక్స్ బీడీఎల్" అనేది ఇంకా పెద్ద తమాషా. ఏ ఆర్గానిక్స్? చాలాసార్లు పురుగుమందుల ప్యానెల్ ఒకటి చేసి వదిలేస్తారు. బల్క్ డ్రగ్ యూనిట్‌కు జీసీ–ఎంఎస్ పరికరం మీద వోలటైల్స్ (తేలిగ్గా ఆవిరయ్యేవి) పూర్తి జాబితా, సెమీ–వోలటైల్స్, పైగా ఆ యూనిట్ వాడినవి పేరుపేరునా అడగాలి. మిథనాల్, ఐపీఏ, డీఎంఎఫ్, అసిటోనైట్రైల్ అనే సాల్వెంట్లు మామూలు వోలటైల్స్ జాబితాలో చాలాసార్లు ఉండవు. వీటితోపాటు పీహెచ్, క్లోరైడ్, సల్ఫేట్, సోడియం, అమ్మోనియా, నైట్రేట్, బ్రోమైడ్, ఫినాల్, సీఓడీ (నీటిలోని రసాయన మురికి కొలత). బ్రోమినేషన్ చేసిన యూనిట్‌లో బ్రోమైడ్ మంచి జాడ.

ఫీల్డులో పీఐడీ (సాల్వెంట్ ఆవిరిని పసిగట్టే చేతి పరికరం) వాడతారు కాబట్టి ఒక హెచ్చరిక. అద్దెకు దొరికేవాటిలో 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల దీపం ఉంటుంది. అయనీకరణ శక్తి అంతకంటే తక్కువున్నవే దానికి దొరుకుతాయి. టోలుయీన్ (8.8), టీహెచ్ఎఫ్ (9.4), అసిటోన్ (9.7), ఐపీఏ (10.1) దానికి కనిపిస్తాయి. డైక్లోరోమీథేన్ (11.3), క్లోరోఫామ్ (11.4), మిథనాల్ (10.85), అసిటోనైట్రైల్ (12.2) కనిపించవు. ట్యాంకుల యార్డులో పీఐడీ సున్నా చూపించిందని శాంపిల్ మానేస్తే వదిలేసింది సరిగ్గా అక్కడ వాడిన సాల్వెంటే కావచ్చు. 11.7 దీపం అడిగితే మొదటి మూడూ దొరుకుతాయి, అసిటోనైట్రైల్ దానికీ చిక్కదు. ఆ దీపం తొందరగా పాడవుతుంది, తేమ తగిలితే ఇంకా తొందరగా. రోజుకు రెండుసార్లు ఐసోబ్యుటిలీన్‌తో సరిచూడండి.

ఎక్స్ఆర్ఎఫ్ తుపాకీ (ఎక్స్ కిరణాలతో మట్టిలో లోహాలు కొలిచే చేతి పరికరం) గ్రిడ్డు పాయింట్లకు బాగా పనికొస్తుంది. మట్టి ఆరబెట్టి, జల్లించి చూపాలి, తేమ 20% దాటితే అంకె తగ్గి చూపిస్తుంది. సీసం ఎక్కువున్న చోట ఆర్సెనిక్‌ను నమ్మొద్దు, రెండింటి గీతలు ఒకదానిమీద ఒకటి పడతాయి. కాడ్మియం, పాదరసానికి అది చాలదు. క్రోమియం మొత్తమే చెబుతుంది, ఆరు వేలెన్సీది ఎంతో చెప్పదు. పదింటికొకటి ల్యాబ్‌కు పంపి పోల్చండి.

సీసాల విషయం:

వోలటైల్స్ నీటికి 40 మి.లీ. గాజు వయల్, టెఫ్లాన్ మూత, బొట్టు గాలి లేకుండా నింపి తలకిందులు చేసి తట్టి చూడాలి. 6 మి.మీ. కంటే పెద్ద బుడగ వస్తే పారబోసి కొత్త వయల్. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కిందికి తెస్తే 14 రోజులు ఆగుతుంది. అయితే మన బోరు నీళ్లలో కార్బొనేట్లు ఎక్కువ, ఆమ్లం పడగానే నురగ వస్తుంది, సాల్వెంట్ ఆ బుడగలతోనే పోతుంది. అలా నురగ వస్తే ఆమ్లం లేకుండా తీసి 7 రోజుల్లో నడిపించండి.

లోహాలకు ఫీల్డులోనే 0.45 మైక్రాన్ ఫిల్టరు, తర్వాత నైట్రిక్ ఆమ్లం. ముందు ఆమ్లం పోసి తర్వాత వడకడితే మట్టిరేణువుల్లోని ఇనుము, సీసం కూడా కరిగి లెక్కలోకి వస్తాయి. ఆరు వేలెన్సీ క్రోమియం సీసాలో మాత్రం ఆమ్లం పోయొద్దు, అది మూడు వేలెన్సీగా మారిపోతుంది. వడకట్టి, ఐసులో పెట్టి, 24 గంటల్లో ల్యాబ్‌లో ఉండాలి. బఫరుతో పీహెచ్ 9.3–9.7కు తెస్తే 28 రోజులు.

మట్టిలో వోలటైల్స్‌కు కవరులో నింపి తెచ్చిన ముద్ద పనికిరాదు. తవ్విన నిమిషంలోనే సిరంజిలాంటి గొట్టంతో 5 గ్రాములు తీసి, ముందే తూచిన మిథనాల్ వయల్‌లో దించాలి. నాలుగైదు చోట్ల మట్టి కలిపి ఒక శాంపిల్ చేయడం లోహాలకైతే సరే, సాల్వెంట్లకు వద్దు.

ప్రతి ఐసుపెట్టెలో ఒక ట్రిప్ బ్లాంకు (దారిలో మురికి చేరిందో చూసే శుద్ధజలం సీసా), పదింటికొక డూప్లికేట్, కడిగిన పనిముట్ల మీదుగా పోసిన శుద్ధజలం రోజుకొకటి. డూప్లికేట్ల మధ్య తేడాను వాటి సగటుతో భాగిస్తే నీటికి 30%, మట్టికి 50% దాటకూడదు. దాటితే ఆ రోజు అంకెలన్నీ అనుమానించండి.

జవాబు 3: గేటు_దగ్గర

ఇంత ఖర్చు ఎందుకండీ? ఉన్న బోరులోనే బెయిలర్ (నీళ్లు తోడే సన్న గొట్టం) దించి వేర్వేరు లోతుల్లో నీళ్లు తీస్తే సరిపోదా? పైగా టీడీఎస్ 1,450 అంటే 2,000 లోపే కదా.

జవాబు 4: నీటిజాడ

సరిపోదండీ. వట్టి రంధ్రంలో నీరు నిలకడగా ఉండదు, ఒక పగులులో లోపలికి వచ్చి ఇంకో పగులులోంచి బయటికి పోతూ ఉంటుంది. 30 మీటర్ల దగ్గర తీసిన బెయిలర్‌లో 80 మీటర్ల ఊట నీళ్లు ఉండొచ్చు. పైగా బెయిలర్ దించుతూ తీస్తూ ఉంటే నీళ్లు కలుస్తాయి. ఆ బోరును వాడుకోవాలంటే ముందు కెమెరా దించి కేసింగ్ అడుగు, పగుళ్ల లోతులు చూడండి. తర్వాత ఈసీ (నీటి విద్యుత్ వాహకత, లవణాలు ఎక్కువైతే పెరుగుతుంది), ఉష్ణోగ్రత మీటరు లోతు వెంబడి దించి గ్రాఫ్ గీయండి. ఈసీ ఎక్కడ మెట్టులా మారితే అక్కడ ఊట ఉంది. ఆ ఊటకు పైనా కిందా ప్యాకర్లు (బోరును మూసే రబ్బరు బిరడాలు) బిగించి మధ్య నీళ్లు తీస్తే అది ఆ ఊట శాంపిల్.

2,000 అనేది వేరే నీటి వనరు లేనప్పుడు ఒప్పుకునే హద్దు, అసలు హద్దు 500. అయినా టీడీఎస్‌ను ఒంటరిగా చూసి ఏమీ తేల్చలేం. చుట్టూ ఉన్న పది బోర్ల ఈసీ, క్లోరైడ్ ఒకే రోజు కొలిచి మ్యాపు మీద రాయండి. అందరి టీడీఎస్ 700–800 ఉండి ఈ ఒక్కటే 1,450 అయితే, అది కూడా క్లోరైడ్, సోడియంతోనే పెరిగితే, పాండు మీద అనుమానం పడాలి. ఖర్చు నీటి మీటరు, ఒక రోజు పెట్రోలు.

జవాబు 5: రిగ్గు_మొరం

బోరు బండి గురించి అడిగారు. డీటీహెచ్ బండి (గాలి ఒత్తిడితో నడిచే హ్యామర్‌తో తొలిచే మామూలు బోరు బండి) రాయికి బాగుంటుంది, మొరంలో శాంపిల్‌కు పనికిరాదు. గాలి ఒత్తిడికి సాల్వెంట్ మొత్తం ఎగిరిపోతుంది, హ్యామర్ నూనె, కంప్రెసర్ నూనె రంధ్రంలో పడతాయి, తర్వాత ల్యాబ్‌లో "హైడ్రోకార్బన్స్ ఉన్నాయి" అని వస్తుంది. 2 మీటర్ల దాకా హ్యాండ్ ఆగర్, ఆ తర్వాత రాయి దాకా బిల్డింగు పునాదులకు మట్టి పరీక్ష చేసే బండి, మట్టి తీసే గొట్టం స్ప్లిట్ స్పూన్‌తో. కానీ వాళ్లకు బెంటోనైట్ (నీటికి ఉబ్బే బంకమట్టి) బురద వాడే అలవాటు. ముందే వద్దని రాసి ఇవ్వండి, గోడలు కూలితే కేసింగ్ దింపుకోమనండి.

రాయిలో జంట బావికి డీటీహెచ్ తప్పదు, కానీ పద్ధతి మారాలి. మన దగ్గర కేసింగ్ దింపి పక్కన ఖాళీలో అదే మట్టి తోసి వదిలేస్తారు. అలా చేస్తే పైమురికికి కింద దాకా మీరే రోడ్డు వేసినట్టు. ముందు పెద్ద బిట్‌తో గట్టి రాయిలోకి ఒక మీటరు దిగాలి. కేసింగ్ నిలబెట్టి, వెనక ఖాళీని సన్న పైపుతో కింది నుంచి పైకి గ్రౌట్ చేయాలి, అంటే సిమెంటు ద్రవంతో నింపాలి. 50 కిలోల సిమెంటు బస్తాకు 30–35 లీటర్ల నీళ్లు, రెండు కిలోల బెంటోనైట్. పైనుంచి పోస్తే మధ్యలో గూళ్లు మిగులుతాయి. కనీసం 24 గంటలు ఆగి, చిన్న బిట్‌తో లోపలి నుంచి రాయిలోకి. హ్యామర్‌కు వాసన లేని కూరగాయ నూనె రకం వాడమనండి, గాలి పైపు మీద ఫిల్టరు పెట్టించండి.

మొరం బావి: 150 మి.మీ. రంధ్రం, 63 మి.మీ. పీవీసీ పైపు, అడుగున 3 మీటర్ల జల్లెడ పైపు, చీలిక 0.5 మి.మీ. చుట్టూ కడిగిన 1–2 మి.మీ. ఇసుక, జల్లెడ పైన ఇంకో 0.6 మీటరు దాకా. లెక్క ప్రకారం మీటరుకు దాదాపు 14.5 లీటర్ల ఇసుక పడుతుంది, 3.6 మీటర్లకు 52 లీటర్లు. 25 లీటర్లకే పైకి వచ్చేసిందంటే నిండలేదు, మధ్యలో ఇసుక అడ్డుకట్ట పడింది. టేపు దించి చూసి, కుదిపి దించండి. ఇసుక మీద 0.6–1 మీటరు బెంటోనైట్ గుళికలు, నీళ్లు పోసి గంట ఉబ్బనిచ్చి, ఆపైన నేల దాకా గ్రౌట్. పైన తాళం ఉన్న ఇనుప మూత, చుట్టూ వాలుగా కాంక్రీటు.

పీవీసీ జాయింట్లకు గమ్ రాయొద్దు, మర పైపులే వాడండి. గమ్‌లో టీహెచ్ఎఫ్, ఎంఈకే ఉంటాయి, సరిగ్గా మీరు వెతికే సాల్వెంట్లే. ట్యాంకుల యార్డులో చిక్కటి డైక్లోరోమీథేన్ ఉంటే పీవీసీ మెత్తబడి వాలిపోతుంది, అక్కడ స్టెయిన్‌లెస్ పైపు పెట్టండి.

బావి అయ్యాక నీళ్లు తేటగా వచ్చేదాకా కదిపి తోడి, వారం వదిలేయాలి. శాంపిల్ రోజున నిమిషానికి 100–500 మి.లీ. వేగంతో చిన్న పంపు. నీటి మట్టం 10 సెం.మీ. కంటే దిగకూడదు. 3–5 నిమిషాలకోసారి రీడింగు: పీహెచ్ 0.1 లోపు, ఈసీ 3% లోపు, ఆక్సిజన్ 10% లోపు, ఓఆర్పీ (ఆక్సీకరణ సామర్థ్యం) 10 మి.వో. లోపు వరసగా మూడుసార్లు నిలిస్తే అప్పుడు సీసా పట్టండి. తోడిన నీళ్లు, తవ్విన మట్టి అక్కడే కాలువలో పోయొద్దు, డ్రమ్ముల్లో పెట్టి రిపోర్టు వచ్చాక తేల్చండి.

ఈటీపీ తొట్టిలోకి, పాతిన ట్యాంకులోకి ఎవరినీ దించొద్దు. ఏళ్ల తరబడి మూసిన సంపులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. మొదట వాసన తెలుస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. స్లడ్జ్ (అడుగు బురద) శాంపిల్ పైనుంచి పొడవాటి కర్రకు కట్టిన డబ్బాతో తీయండి.

జవాబు 6: కన్సెంట్_ఫైలు

సాంకేతికం పైవాళ్లు చెప్పారు, కాగితాల వైపు కొంచెం. కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఈ యూనిట్ సీఎఫ్ఈ (కట్టే అనుమతి), సీఎఫ్ఓలు (నడిపే అనుమతులు), ప్రమాదకర వ్యర్థాల ఆథరైజేషన్, ఏటా ఇచ్చిన ఫారం 4 రిటర్నులు, ఫారం 10 మ్యానిఫెస్టులు (వ్యర్థాల రవాణా చీటీలు) అడగండి. ఫారం 4లో తయారైన స్లడ్జ్, మ్యానిఫెస్టుల్లో ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే దుండిగల్ టీఎస్‌డీఎఫ్‌కు పోయిన స్లడ్జ్ పక్కపక్కన రాసి తీసేయండి. మిగిలిన టన్నులు ప్లాటులోనే ఎక్కడో ఉన్నాయని అనుకుని వెతకాలి. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వ్యర్థాలను 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు, కాబట్టి "ఇంకా షెడ్డులోనే ఉంది" అనే జవాబూ కుదరదు.

పర్యావరణ పరిరక్షణ (కలుషిత స్థలాల నిర్వహణ) నియమాలు 2025 జులైలో వచ్చాయి. అనుమానిత స్థలాల జాబితా, రాష్ట్ర మండలి ప్రాథమిక, వివర పరీక్షలు, బాధ్యుల గుర్తింపు, శుద్ధి ఖర్చు వసూలు అన్నీ అందులో ఉన్నాయి. కొన్నాక కలుషితం బయటపడితే మండలి ముందు నిలబడేది మీ క్లయింటు కూడా. కాబట్టి సేల్ అగ్రిమెంటులోనే పరీక్షల గడువు, కలుషితం తేలితే శుద్ధి ఖర్చు ఎవరిది, ధర తగ్గింపు ఎలా అన్నవి రాయించండి. ఆ పరీక్ష కొనేవాళ్లు పెట్టిన కన్సల్టెంటే చేయాలి.

మట్టి ఫలితాలను పోల్చేటప్పుడు హద్దులు భూమి వాడకాన్ని బట్టి మారతాయి. కెనడా హద్దుల్లో సీసం నివాసానికి కిలోకు 140 మి.గ్రా., పరిశ్రమకు 600. గోదాముకు పాసైన మట్టి క్వార్టర్లకు ఫెయిల్ కావొచ్చు. క్వార్టర్లను వేరే చోట పెట్టుకుంటే శుద్ధి పని సగానికి సగం తగ్గే అవకాశం ఉంది, ఆర్కిటెక్టుతో ఇప్పుడే మాట్లాడండి.

ప్లాటు_సివిల్

అందరికీ చాలా థ్యాంక్సండీ. మూడు మొరం బావులు పూర్తయ్యాయి. సర్వే చేసి నీటి మట్టాలు తీశాం. బావి 1 మూలలో, బావి 2 దానికి సరిగ్గా 100 మీటర్లు తూర్పున, బావి 3 బావి 1కి 100 మీటర్లు ఉత్తరాన. మట్టాలు వరసగా 548.20, 547.40, 547.90 మీటర్లు. నీళ్లు ఎటు పోతున్నట్టు? యాంటీబయాటిక్స్ కూడా పరీక్ష చేయించాలా?

నీటిజాడ

బావి 1, 2 మధ్య 100 మీటర్లకు 0.80 మీటరు పడింది. 547.90 అనే మట్టం ఆ గీత మీద బావి 1 నుంచి 37.5 మీటర్ల దగ్గర వస్తుంది. ఆ చుక్కనూ బావి 3నూ కలపండి, అది 547.90 సమమట్టం గీత. దానికి లంబంగా, మట్టం తగ్గే వైపు బాణం గీస్తే తూర్పు నుంచి ఉత్తరానికి సుమారు 21 డిగ్రీలు తిరిగిన దిక్కు. బావి 1 నుంచి ఆ గీతకు లంబదూరం 35 మీటర్లు, పడింది 0.30. అంటే వాలు 0.0085.

మొరంలో నీటి వాహకత రోజుకు 1 మీటరు, నీరు నిజంగా కదిలే ఖాళీలు 2–5% అనుకుంటే వేగం రోజుకు 0.17 నుంచి 0.43 మీటరు, ఏడాదికి 60–155 మీటర్లు. వాహకత కోసం స్లగ్ టెస్ట్ (బావి మట్టాన్ని ఒక్కసారిగా మార్చి, అది తిరిగి సర్దుకునే వేగం కొలవడం) చేసి అంకె మార్చుకోండి. క్లోరైడ్‌లా మట్టికి అంటుకోనివి ఎప్పుడో తూర్పు గోడ దాటి ఉంటాయి. అందుకే ఆ దిక్కున 300–500 మీటర్లలో ఉన్న పక్క ప్లాట్ల బోర్లు, వ్యవసాయ బోర్లు కూడా జాబితాలో చేర్చండి, తాగే బోర్లు ఉంటే వాటితోనే మొదలుపెట్టండి.

ఒక షరతు: ఆ మూడు మట్టాలూ ఒకే పూట, పక్క ప్లాటు మోటారు ఆగి ఉన్నప్పుడు తీసినవేనా? మోటారు నడుస్తుంటే బాణం ఆ బోరు వైపు తిరుగుతుంది. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి తప్పక తీయండి. మేలో మొరం బావి ఎండిపోతే దాన్ని పూడ్చేయకండి. ఎండిన మొరంలో ఇరుక్కున్న మురికిని వానాకాలం నీళ్లు కడిగి దించుతాయి, నవంబరు శాంపిల్‌లో ఆ బావే ఎక్కువ చెబుతుంది.

ల్యాబ్‌బెంచి

యాంటీబయాటిక్స్ అక్కడ తయారైతే తప్పక చేయించండి, లేకపోయినా దిగువ బావిలో ఒకసారి చూడటం మంచిది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మి.గ్రా. వరకు చూపించారు, కాబట్టి ఆ ప్రాంతంలో దొరికినది మీ ప్లాటుదే అని వెంటనే తేల్చొద్దు, ఎగువ బావితో పోల్చండి. ఐఎస్ 10500లో వీటికి హద్దు లేదు. ఎల్‌సీ–ఎంఎస్/ఎంఎస్ పరికరం ఉన్న ల్యాబ్‌కే పంపాలి, ముదురు రంగు గాజు సీసాలో, ఎండ తగలకుండా. ఫ్లోరోక్వినలోన్లు (సిప్రోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్) బంకమట్టికి గట్టిగా అంటుకుంటాయి. నీటిలో లేవని వస్తే పాండు అడుగు స్లడ్జ్‌ను, దాని కింది నల్లరేగడిని 0.5, 1, 1.5 మీటర్ల దగ్గర ఇదే పరీక్షకు పంపండి.